నెలనెలా ఇచ్చే విరాళం ఆపుతానంటే బెదిరింపులు: మర్యాద తప్పకుండా బయటపడే దారి ఏమిటి?

ప్రశ్న (కూకట్‌పల్లి, హైదరాబాదు)

మా నాన్నగారు ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయులు, మాతోనే ఉంటున్నారు. కిందటి ఏడాది ఇక్కడి ఒక మాల్ బయట, పర్యావరణ పరిరక్షణ కోసం పనిచేసే ఒక సంస్థ తరఫున నిలబడిన యువకులు ఆయనను ఆపి, "డబ్బులు అడగడం లేదు సార్, మేము చేస్తున్న పని గురించి ఒక్క నిమిషం వింటే చాలు" అని మాట కలిపారు. చెరువుల ఆక్రమణల మీద పత్రికలకు ఉత్తరాలు రాసే మనిషి కాబట్టి ఆయన వినకుండా వెళ్ళలేకపోయారు. ఆ సంభాషణ ముగిసేసరికి బ్యాంకు ఖాతా నుంచి నెలకు 800 రూపాయలు నేరుగా తీసుకునేందుకు అనుమతించే ఫారం మీద సంతకం పెట్టారు, పాన్ నంబరు ఇచ్చారు. మర్నాడు వాళ్ళలో ఒకరు ఇంటికి వచ్చి క్యాన్సిల్ చేసిన చెక్కు కూడా తీసుకువెళ్ళారు.

ఆయన తన పింఛనులోంచి ఇచ్చుకునే దానికి మేము అడ్డు చెప్పలేదు. కొన్ని నెలల తర్వాతే ఇబ్బంది మొదలైంది. పరిస్థితి అత్యవసరంగా ఉంది కాబట్టి 800ను 1500 చేయమని ఫోన్లు వస్తున్నాయి. మధ్యాహ్నం ఆయన కాస్త కునుకు తీసే సమయానికే అవి వస్తాయి, ప్రతిసారీ కొత్త గొంతు వినిపిస్తుంది. విసుగెత్తి అసలు విరాళమే ఆపేస్తానని ఆయన అంటే, సంతకం పెట్టారు కాబట్టి ఏడాది పూర్తయ్యే వరకు ఆపడానికి వీల్లేదని ఒకరు, ఖాతాలో డబ్బు లేక వాయిదా తిరిగి వెళ్తే కేసు అవుతుందని మరొకరు చెప్పారు. పైగా ఆయన ఎన్నడూ వినని మరో రెండు సంఘాలవాళ్ళు కూడా ఇప్పుడు పేరు పెట్టి పిలుస్తూ ఫోన్ చేస్తున్నారు.

నాన్నగారికి మొహమాటం ఎక్కువ. మంచి పనికి లేదనడం తప్పు అనే భావన ఆయనలో బలంగా ఉంది, నేను ఫోన్ తీసుకుని గట్టిగా మాట్లాడితే ఆ పూటంతా బాధపడతారు. చెరువుల కోసం ఎంతో కొంత ఇస్తూనే ఉండాలనేది ఆయన కోరిక. నెలవారీ కోతను నిజంగా ఆపించడం ఎలా, ఈ ఫోన్లు ఆగేది ఎలా, ఆయన నొచ్చుకోకుండా లేదని చెప్పడం ఎలా అన్నది అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

జవాబు (ఒకప్పుడు విరాళాలు సేకరించే పని చేసినవాడిని)

డిగ్రీ అయ్యాక కొంతకాలం నేను అటువైపు పనిచేశాను కాబట్టి ఆ ఫోన్ల వెనక ఏముంటుందో చెబుతాను. మాల్ బయట కనబడే యువకులు చాలా సందర్భాల్లో ఆ సంస్థ కార్యకర్తలు కారు. విరాళాలు సేకరించి పెట్టే ఏజెన్సీకి జీతం మీద పనిచేసేవారు. టీషర్టు మీద సంస్థ పేరుంటుంది, గుర్తింపు కార్డు తిప్పి చూస్తే ఏజెన్సీ పేరు కనబడుతుంది. రోజుకు ఇన్ని ఫారాలు అని లక్ష్యం ఉంటుంది, దాటితే ప్రోత్సాహకం, వరుసగా తప్పితే ఉద్యోగం ఉండదు. ఫోన్ చేసేవారి పరిస్థితీ అంతే. దాత నెలవారీ విరాళం ఆపేశాడంటే అది వాళ్ళ లెక్కలో నష్టంగా పడుతుంది, అందుకే ఆపుతాననగానే గొంతు మారుతుంది.

మాకిచ్చిన మాటల పత్రంలో ప్రతి అభ్యంతరానికీ ఒక సమాధానం సిద్ధంగా ఉండేది. డబ్బుకు ఇబ్బందిగా ఉందంటే "అయితే 300 చేద్దాం సార్" అనాలి. ఇంట్లో అడగాలంటే "మేడంగారితో ఇప్పుడే మాట్లాడతాను, ఫోన్ ఇవ్వండి" అనాలి. ఇప్పటికే మరో సంస్థకు ఇస్తున్నానంటే "మీలాంటివారే ఇస్తారు సార్, ఇవ్వనివాళ్ళు ఎప్పటికీ ఇవ్వరు" అనాలి. కాబట్టి మీ నాన్నగారు మర్యాద కోసం కారణం చెప్పిన ప్రతిసారీ అవతలివారికి పట్టు దొరుకుతోంది. కారణం లేని మాటకు ఆ పత్రంలో జవాబు ఉండదు. "విరాళాల విషయం నేను ఫోన్‌లో మాట్లాడను, ఏదైనా ఉంటే ఈమెయిల్ పంపండి, నమస్కారం" అని ఒకే గొంతుతో చెప్పి పెట్టేయడం మొరటుతనమేమీ కాదు. నిజానికి ఫోన్ చేసినవారికి కూడా అదే మేలు, వెంటనే తర్వాతి నంబరుకు వెళ్ళిపోతారు.

ఏడాది దాకా ఆపకూడదన్న మాట మాత్రం పత్రంలో ఉండేది కాదు, మా దగ్గర కొందరు సొంతంగా కలుపుకునేవారు.

జవాబు (విశ్రాంత బ్యాంకు అధికారి, విజయవాడ)

అమ్మా, ముందు పాసుపుస్తకం వేయించి ఆ కోత ఏ రూపంలో పడుతోందో చూడండి. కాగితం ఫారం, క్యాన్సిల్ చేసిన చెక్కు తీసుకున్నారంటే అది ఖాతా నుంచి వాయిదాలు వాటంతటవే తీసుకునేందుకు జాతీయ చెల్లింపుల కార్పొరేషన్ నడిపే నాచ్ పద్ధతి అయి ఉంటుంది. పుస్తకంలో ఏసీహెచ్ అనో, నాచ్ అనో, పక్కన సంస్థ పేరు సగానికి తెగిపోయి పడుతుంది. ఆ సంతకానికి బ్యాంకు భాషలో మాండేటు అని పేరు, ప్రతి మాండేటుకూ యూఎంఆర్‌ఎన్ అనే విడి సంఖ్య ఉంటుంది. అది మీ దగ్గర లేకపోతే శాఖలో అడిగితే తీసి చెబుతారు.

ఆ ఫారం నకలు దొరికితే ఒకసారి నిదానంగా చదవండి. సంతకం పెట్టే చోటికి దగ్గర్లో, చిన్న అక్షరాల్లో, ఈ మాండేటును రద్దు చేసుకోవడానికి గానీ సవరించుకోవడానికి గానీ ఖాతాదారుకు అధికారం ఉందని, ఆ మాట సంస్థకైనా తన బ్యాంకుకైనా తెలియజేయవచ్చని ఉంటుంది. అంటే ఆపడానికి వీల్లేదని ఫోన్‌లో చెప్పినవారి మాటకు వారిచ్చిన ఫారమే అడ్డు వస్తోంది. సంస్థ ఒప్పుకునే వరకు ఆగవలసిన పనిలేదు. మాండేటు రద్దు కోరుతూ శాఖలో ఉత్తరం ఇచ్చి, రెండో ప్రతి మీద ముద్ర, తేదీ వేయించుకోండి. చాలా బ్యాంకుల నెట్ బ్యాంకింగులోనూ మాండేట్ల విభాగం ఉంటుంది, అక్కడి నుంచే రద్దు చేయవచ్చు. వచ్చే వాయిదా తేదీకి కనీసం వారం ముందుగానే ఈ పని ముగించండి, ఒకసారి వాయిదా క్లియరింగుకు వచ్చేసిందంటే ఆ నెలది ఆపడం కష్టం.

చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. రద్దు చేయకుండా ఖాతాలో డబ్బు లేకుండా చూసుకుంటే చాలనుకుంటారు. అలా వాయిదా తిరిగి వెళ్ళిన ప్రతిసారీ బ్యాంకు రుసుము వేస్తుంది. అది వందల్లో ఉంటుంది, దాని మీద జీఎస్టీ అదనం. 800 ఆదా చేయబోయి అందులో మంచి భాగం బ్యాంకుకు కట్టినట్టవుతుంది.

మీరు 800 అని రాశారు గానీ, ఫారంలో మొత్తం రాసే చోట నిర్ణీత మొత్తం, గరిష్ఠ మొత్తం అని రెండు గడులు ఉంటాయి. గరిష్ఠం గడిలో టిక్కు పెట్టి 2000 అని రాయించుకుని నెలకు 800 తీసుకుంటున్న ఫారాలు నేను కౌంటరులో చాలా చూశాను. ఆ గడి కింద సంతకం ఉంటే, రేపు మీ నాన్నగారు మొహమాటానికి ఫోన్‌లో "సరే" అన్నా కొత్త సంతకం లేకుండానే 1500 తీసుకునే వీలుంటుంది. ఎప్పటికప్పుడు పెంచమని ఫోన్లు చేయడంలో ఉన్న సౌకర్యం ఇదే. ఎంత కాలానికి, ఎన్నిసార్లు అన్న గడులు ఖాళీగా వదిలి సంతకం చేయడం కూడా అంతే ప్రమాదం.

కార్డు మీదో యూపీఐ మీదో అయితే ఈ బాధ తక్కువ. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం కార్డు వాయిదాకు కనీసం 24 గంటల ముందు సందేశం రావాలి, వద్దనుకునే వీలు అందులోనే ఉండాలి. యూపీఐ యాప్‌లో ఆటోపే అనే చోటికి వెళ్తే నడుస్తున్న అనుమతులన్నీ వరుసగా కనబడతాయి, పిన్ నొక్కి రద్దు చేయవచ్చు. ఇకమీదట ఇవ్వదలచినా మీ నాన్నగారికి కాగితం మాండేటు వద్దనే చెబుతాను.

జవాబు (న్యాయవాది, హనుమకొండ)

కేసు అవుతుందన్న బెదిరింపు గురించి మాత్రం రాస్తాను. 2007 నాటి చెల్లింపులు, పరిష్కారాల వ్యవస్థల చట్టంలో 25వ సెక్షను ఉన్న మాట నిజమే. ఖాతాలో డబ్బు చాలక ఎలక్ట్రానిక్ వాయిదా తిరిగి వెళ్తే, చెక్కు బౌన్సు లాగానే, రెండేళ్ళ వరకు శిక్ష పడే నేరమని అది చెబుతుంది. అయితే ఆ చెల్లింపు చట్టరీత్యా వసూలు చేసుకోదగిన అప్పుకో బాధ్యతకో సంబంధించినదై ఉండాలని కూడా అదే సెక్షనులో ఉంది. ఇంటి రుణం వాయిదా ఆ కోవలోకి వస్తుంది, స్వచ్ఛందంగా ఇస్తున్న నెలవారీ విరాళం రాదు. బ్యాంకు అధికారిగారు చెప్పినట్టు ముందే మాండేటు రద్దు చేసుకున్నవారికి ఆ ప్రశ్న అసలే తలెత్తదు.

చందా ఇస్తానని మాట ఇచ్చి ఇవ్వకపోతే కోర్టుకు వెళ్ళవచ్చా అన్న ప్రశ్న మన దేశంలో పాతదే. హౌరాలో టౌన్ హాలు కట్టడానికి 100 రూపాయలు ఇస్తానని చందా పుస్తకంలో సంతకం చేసిన ఒక వ్యక్తి తర్వాత ఇవ్వనన్నాడు. ఆ చందాల మాట నమ్ముకుని అప్పటికే కాంట్రాక్టరుకు పని అప్పగించారు కాబట్టి ఆయన ఇవ్వవలసిందేనని 1886లో కలకత్తా హైకోర్టు తీర్పు చెప్పింది. మసీదు మరమ్మతుకు 500 ఇస్తానని చెప్పి, పనేదీ మొదలు కాకముందే సంగతి వ్యాజ్యం దాకా వెళ్ళినప్పుడు మాత్రం అలాంటి వాగ్దానాన్ని అమలు చేయించలేమని 1914లో అలహాబాదు హైకోర్టు అంది. న్యాయశాస్త్ర విద్యార్థులకు ఈ రెండు కేసులూ కంఠతా వస్తాయి. ఎప్పుడైనా ఆపుకోవచ్చని ఫారం మీదే ఉన్న నెలవారీ విరాళాన్ని మొదటి కేసుతో పోల్చడానికి దారి కనబడదు, 800 కోసం ఏ సంస్థా కోర్టు మెట్లెక్కదు కూడా.

ఫోన్ల విషయానికి వస్తే, 1909కు ఫోన్ చేసి నంబరును డీఎన్‌డీలో, అంటే వ్యాపార ఫోన్లు వద్దనుకునేవారి జాబితాలో, నమోదు చేయించండి. దాని మీదే ఆధారపడవద్దని మాత్రం చెప్పాలి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నిబంధనలు వస్తువులనో సేవలనో అమ్మజూపే వ్యాపార సందేశాలను దృష్టిలో పెట్టుకుని రాసినవి, విరాళం అడిగే ఫోను ఆ నిర్వచనంలో సూటిగా ఇమడదు. ఇంతకంటే సంస్థకు రాతపూర్వకంగా అనుమతి ఉపసంహరించుకోవడం బలమైన పని. నా నంబరుకు ఇకమీదట ఫోన్ చేయవద్దు, నా వివరాలు ఎవరెవరికి ఇచ్చారో తెలపండి, రసీదుల కోసం చట్టం ఉంచమన్నవి తప్ప మిగిలినవి తొలగించండి అని నాలుగు వాక్యాల ఈమెయిల్ చాలు. వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో వచ్చిన చట్టం, అనుమతి ఇవ్వడం ఎంత సులువో వెనక్కి తీసుకోవడం కూడా అంత సులువుగా ఉండాలంటోంది. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, సంస్థల మీద పెట్టిన ప్రధాన బాధ్యతలు ఆ తర్వాత 18 నెలలకు అమలవుతాయి. ఆ గడువు సంగతి తెలిసిన సంస్థలు ఇలాంటి ఈమెయిల్‌ను తేలిగ్గా తీసుకోవు.

జవాబు (ఒక చిన్న సంఘం కోశాధికారి, అనంతపురం)

పై జవాబులతో నాకు పేచీ లేదు. ఒక్క మాట మాత్రం అవతలివైపు నుంచి చెప్పాలనిపించింది. సొంతంగా విరాళాలు అడిగే సంఘాలన్నీ దబాయించేవని ఈ చర్చ చదివినవారు అనుకునే ప్రమాదం ఉంది. మేము గ్రామాల్లో నీటి హక్కుల మీద పనిచేస్తాం. బడి కడతామంటే, శిబిరం పెడతామంటే కంపెనీలు డబ్బిస్తాయి. ఒక ఊరి చెరువును ఎవరు ఆక్రమించారో సమాచార హక్కు కింద దరఖాస్తులు పెట్టి, ఏళ్ళ తరబడి తహసీల్దారు కార్యాలయం చుట్టూ తిరిగే పనికి ఏ కంపెనీ ఇస్తుంది? విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణతో, ఒక సంస్థ తనకు వచ్చిన విదేశీ నిధిని మరో సంస్థకు అందించడం ఆగిపోయింది, పరిపాలన ఖర్చు పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది. పెద్ద సంస్థల ద్వారా మాలాంటివారికి అందే సాయం దాంతో పోయింది. ఆ తర్వాత మిగిలింది మామూలు మనుషుల దగ్గరకు వెళ్ళి అడగడమే. నెలనెలా ఎంత వస్తుందో తెలిస్తేనే ఒక మనిషికి జీతం ఇచ్చి నిలుపుకోగలం.

అంతమాత్రాన పెద్దవాళ్ళను నిద్ర లేపి మరీ అడగడాన్ని నేను సమర్థించను. అలా వచ్చిన డబ్బు నిలవదు, దాత వెళ్ళిపోతూ నలుగురికి చెప్పి వెళ్తాడు, ఆ చెడ్డపేరు ఏజెన్సీలను పెట్టుకునే స్తోమత లేని మా మీద కూడా పడుతుంది.

మీ నాన్నగారు ఇవ్వడం మానకూడదనుకుంటే ఏడాదికి ఒకసారి, తాను ఎంచుకున్న నెలలో, తానే బ్యాంకు బదిలీ చేస్తే సరిపోతుంది. ఇవ్వబోయే సంస్థ స్వచ్ఛంద సంస్థల వివరాలు నమోదయ్యే నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్‌లో ఉందో లేదో, దాతకు పన్ను మినహాయింపు ఇచ్చే 80జీ అనుమతి ఉందో లేదో ముందు చూసుకోవాలి. నిరుటి లెక్కలు అడగాలి, ఇవ్వడానికి నసిగేవారిని వదిలేయాలి. ఆయన ఉండే ప్రాంతంలోని చెరువు మీద నిజంగా పనిచేసే స్థానిక బృందమేదైనా ఉంటే, వెళ్ళి ఆ గట్టు మీద వాళ్ళతో ఒక ఉదయం గడిపి వచ్చి నిర్ణయించుకోవడం ఇంకా మంచిది.

పన్ను మినహాయింపు పేరుతో తొందరపెడితే మాత్రం నమ్మవద్దు. 80జీ మినహాయింపు పాత పద్ధతిలో పన్ను కట్టేవారికే వర్తిస్తుంది, కొత్త పద్ధతిలో లేదు. పాత పద్ధతిలోనైనా చాలా సంస్థలకు ఇచ్చిన దానిలో సగమే ఆదాయంలోంచి తీసివేస్తారు. 2000 దాటిన నగదుకు అసలే లేదు. సంస్థ మీ పాన్‌తో ఆదాయపు పన్ను శాఖకు వివరం పంపి విరాళ ధ్రువపత్రం ఇవ్వాలి. కాబట్టి రసీదు కోసం పాన్ అడగడం సబబే, ఆధార్ కార్డు ఫోటో అడగడం సబబు కాదు.

జవాబు (దుకాణదారు, తెనాలి)

మాకు ఫోన్లు రావు, మనుషులే వస్తారు. మహాసభలని ఒకరు, పాదయాత్ర అని ఒకరు, ధర్నాకు బస్సులని ఇంకొకరు రసీదు పుస్తకం పట్టుకుని నలుగురైదుగురు ఒక్కసారి దుకాణం ముందు నిలబడతారు. కొనడానికి వచ్చినవాళ్ళు చూస్తుండగా లేదనడం కష్టమని వాళ్ళకు తెలుసు. పుస్తకంలో పై పేజీల్లో పక్క దుకాణాలవాళ్ళు రాసిన మొత్తాలు చూపించి, వాళ్ళకంటే తక్కువ రాయవద్దంటారు. ఆ అంకెల్లో కొన్ని ముందే వాళ్ళు రాసుకున్నవేనని మా బజారంతా ఎరుగుదురు. అందుకని మా వీధి వర్తకులమంతా కూర్చుని, ఏ జెండా అయినా సరే, ఏడాదికి ఒక్కసారి, అందరికీ ఒకే మొత్తం అని అనుకున్నాం. వచ్చినవారికి ఆ మాటే చెబుతాం. మొదట్లో ముఖం మాడ్చుకున్నారు, ఇప్పుడు అడగకుండానే ఆ మొత్తానికే రసీదు రాస్తున్నారు. మీ నాన్నగారు కూడా ఏడాదికి ఇంత అని ఒక అంకె పెట్టుకుంటే "ఈ ఏటిది అయిపోయిందండీ" అనవచ్చు. అది అబద్ధం కాదు కాబట్టి ఆయన మనసుకూ ఇబ్బంది ఉండదు.

జవాబు (లెస్టర్, ఇంగ్లండు)

ఇక్కడ కూడా ఈ బాధ శ్రుతి మించిన తర్వాతే నియంత్రణ వచ్చింది. 2015లో బ్రిస్టల్‌లో ఒక వృద్ధురాలు చనిపోయినప్పుడు, ఆమెకు విరాళాలు కోరుతూ కుప్పలుగా ఉత్తరాలు వచ్చేవన్న సంగతి బయటపడి పెద్ద చర్చ నడిచింది. ఆమె మరణానికి సంస్థలు కారణం కాదని కుటుంబమే చెప్పినా, పేర్ల జాబితాలు చేతులు మారుతున్న తీరు మాత్రం అందరికీ తెలిసింది. 2016లో విరాళాల సేకరణకు ప్రత్యేక నియంత్రణ సంస్థ ఏర్పడింది. మరుసటి ఏడాది, ఫలానా సంస్థ నన్ను సంప్రదించకూడదని ఎవరైనా నమోదు చేసుకునే సేవ మొదలైంది. మన పెద్దల తరఫున మనమూ చేయవచ్చు, మా అత్తగారి కోసం నేను చేశాను. భారతదేశంలో ఇలాంటిది లేదు కాబట్టి న్యాయవాదిగారు చెప్పిన ఈమెయిలే దారి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. మాండేటు నకలు సంస్థ నుంచి తెప్పించాం. గరిష్ఠ మొత్తం గడిలోనే టిక్కు ఉంది, అంకె 3000. అది చూశాక నాన్నగారే స్వయంగా శాఖకు వెళ్ళి ఉత్తరం ఇచ్చి ముద్ర వేయించుకుని వచ్చారు. ఏడాదికి ఒకే అంకె అన్న తెనాలివారి మాట ఆయనకు బాగా నచ్చింది, ఎవరికి ఎంత ఇవ్వాలో డైరీలో రాసుకుంటున్నారు. ఒక్క సందేహం మిగిలింది. రద్దు చేసిన తర్వాత కూడా వచ్చే నెల కోత పడితే ఎవరిని అడగాలి, సంస్థనా, బ్యాంకునా?

జవాబు (విశ్రాంత బ్యాంకు అధికారి, విజయవాడ)

బ్యాంకునే అడగాలి. రద్దు ఉత్తరం అందిన తర్వాత వచ్చిన వాయిదాను చెల్లించడం బ్యాంకు తప్పు అవుతుంది కాబట్టి, ముద్ర వేసిన ప్రతి నకలు జతచేసి డబ్బు తిరిగి జమ చేయమని రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. శాఖవారు సంస్థతో మాట్లాడుకోమని పంపించబోతే ఒప్పుకోవద్దు, ఫిర్యాదు సంఖ్య తీసుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సంతృప్తిగా లేకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయవచ్చు, దానికి రుసుము లేదు. వాయిదా తేదీ దాటిన మర్నాడే పాసుపుస్తకం మళ్ళీ వేయించండి. ఆ రెండు కొత్త సంఘాలవాళ్ళకు ఆయన ఖాతా వివరాలేవైనా ఇచ్చారేమో కూడా అప్పుడే, ఆయనకు తీరిక ఉన్నప్పుడు, నెమ్మదిగా అడిగి తెలుసుకోండి.